దూరం నుండి చర్మవైద్యం - మన మిరప, పత్తి పల్లెల దృష్టితో

మానవ శరీరంలోని అవయవాలన్నింటిలోనూ చర్మం మిక్కిలి పెద్దది. వయోజనులలో దాని వైశాల్యం దాదాపు 2 చదరపు మీటర్ల వరకు ఉంటుంది. గుండె, కాలేయం, మూత్రపిండాల వలె లోపల దాగి ఉండక, చర్మం ఎల్లవేళలా కంటికి ఎదురుగానే ఉంటుంది. దాని బాధ చాలావరకు కనిపించే బాధ. అందువలన దూరాన ఉన్న వైద్యునికి బొమ్మ తీసి పంపడానికి వైద్యశాస్త్రంలోని శాఖలలో చర్మవైద్యం ఎంతో అనువైనదని తొలినుండి భావిస్తూ వచ్చారు.

మన ప్రాంతానికి ఇట్టి సదుపాయం అవసరం ఎంతైనా ఉన్నది. గుంటూరు, ప్రకాశం మైదానాలలో పత్తి, మిరప పండించే గ్రామాలు వందలాదిగా ఉన్నవి. 2022లో జిల్లాలను పునర్విభజించిన పిదప వీటిలో కొన్ని పల్నాడు, బాపట్ల జిల్లాలలో చేరినా, పంటలు మారలేదు, పనులు మారలేదు. చర్మవ్యాధి నిపుణులు మాత్రం గుంటూరు, ఒంగోలు, నరసరావుపేట వంటి పట్టణాలలోనే అధికంగా ఉన్నారు. మాచర్ల వైపు నుండి గుంటూరు పెద్దాసుపత్రికి రావాలంటే నూరు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. రోగికి ఒక రోజు కూలి పోతుంది, తోడు వచ్చినవారికి మరొక కూలి పోతుంది. ప్రాణం మీదికి రాని దురద కోసం ఇంత ఖర్చు పెట్టుకునేవారు తక్కువ. కనుక చాలామంది మందుల దుకాణంలో ఒక గొట్టం కొనుక్కొని పూసుకుంటారు. కథ అక్కడనే చెడుతుంది.

ఫోను ద్వారా వైద్యుని సలహా పొందే మార్గం నేడు చాలా ఇళ్ళలో అందుబాటులో ఉన్నది. అయితే చర్మం కనిపించినంత మాత్రాన జబ్బు కనిపించినట్లేనా? బొమ్మ ఏమి చెప్పగలదు, ఏమి చెప్పలేదు? చెప్పలేని దానిని ఎవరు చెప్పాలి? ఈ మూడు ప్రశ్నలను మన నేల, మన పనులు, మన భాషల ఆధారంగా పరిశీలించడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

దూరవైద్యం నడచిన దారి

దూర చర్మవైద్యం అనే అర్థం గల ఆంగ్ల పదాన్ని 1995లో పెరెడ్నియా, బ్రౌన్ అనే ఇద్దరు మొదటగా వాడారు. ఇందులో ముఖ్యంగా రెండు పద్ధతులు కలవు. మొదటిది, బొమ్మలను, వివరాలను ముందుగా సేకరించి పంపడం. వైద్యుడు తన వీలునుబట్టి వాటిని చూసి సలహా ఇస్తాడు. రెండవది, రోగి, వైద్యుడు ఒకే సమయంలో తెరమీద ఒకరినొకరు చూస్తూ మాట్లాడుకోవడం. మొదటి దానిలో బొమ్మ స్పష్టంగా ఉంటుంది కాని ఎదురుప్రశ్న వేయడానికి వీలుండదు. రెండవ దానిలో ప్రశ్నలు అడగవచ్చు కాని కదిలే తెరమీది చిత్రం మసకగా ఉంటుంది. అందువలన స్పష్టమైన బొమ్మలు ముందు పంపి, ఆ తరువాత మాట్లాడే మిశ్రమ పద్ధతి మేలైనదని అనుభవంలో తేలింది.

మన తెలుగునాట దూరవైద్యానికి పాతికేళ్ళ చరిత్ర ఉన్నది. చిత్తూరు జిల్లా అరగొండ గ్రామంలో అపోలో సంస్థవారు నెలకొల్పిన దూరవైద్య కేంద్రాన్ని 2000 మార్చి 24న, హైదరాబాదు వచ్చిన అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ప్రారంభించారు. ఆనాడు అది ఉపగ్రహంతో ముడిపడిన ఖరీదైన ఏర్పాటు. 2019 నవంబరులో కేంద్ర ఆరోగ్యశాఖ ‘ఈ-సంజీవని’ పథకాన్ని ఆరంభించగా, దానిని మొట్టమొదట అమలుపరచిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. 2020 ఏప్రిల్ 13 నుండి రోగి ఇంటినుండే వైద్యునితో మాట్లాడే విభాగం కూడ మొదలైంది. 2023 ఫిబ్రవరి నాటికి దేశం మొత్తం మీద ఈ సంప్రదింపుల సంఖ్య 10 కోట్లు దాటింది. వాటిని ఎక్కువగా వినియోగించుకున్న రాష్ట్రాలలో మనది ముందు వరుసలో నిలిచింది. కరోనా కాలంలో బ్రిటన్ వంటి దేశాలలో సైతం సాధారణ వైద్యులు ‘ముందు బొమ్మ పంపండి, అవసరమైతే పిలుస్తాము’ అనే పద్ధతికి మళ్ళారు.

ఈ-సంజీవనిలో గమనింపదగిన విశేషం ఒకటున్నది. గ్రామ ఆరోగ్య కేంద్రం నుండి జరిగే సంప్రదింపులో రోగి ఒంటరిగా ఉండడు. శిక్షణ పొందిన ఆరోగ్య సిబ్బంది ఒకరు రోగి పక్కన కూర్చుంటారు. వైద్యుడు అవతల పట్టణంలో ఉంటాడు. చూసే కన్ను దూరాన ఉన్నా, తాకి చూసే చెయ్యి దగ్గరనే ఉన్నదన్నమాట. ఈ చెయ్యి విలువ ఎంతటిదో మున్ముందు తెలియగలదు.

మన పనులు, మన చర్మం

ఏ ప్రాంతపు చర్మవ్యాధులనైనా తెలుసుకోవాలంటే ముందు ఆ ప్రాంతపు పనులను తెలుసుకోవాలి.

మిరపకాయలను కోసి, కల్లాలలో ఆరబోసి, తొడిమలు తీసి, తాలుకాయలు ఏరి, టిక్కీలకు ఎత్తేవరకు ప్రతి దశలోనూ కాయ చేతులకు తగులుతూనే ఉంటుంది. ఈ పనిలో అధికులు స్త్రీలు. కాయలోని కాప్సైసిన్ అనే పదార్థం చర్మంలోని నరాల చివరలను తాకి మంట పుట్టిస్తుంది. ఎండవేడికి స్పందించే గ్రాహకమే ఈ పదార్థానికి కూడ స్పందిస్తుందని డేవిడ్ జూలియస్ బృందం 1997లో కనుగొన్నది. ఆ కృషికి ఆయన 2021లో నోబెల్ బహుమానాన్ని పంచుకున్నారు. కాబట్టే చెయ్యి కాలకపోయినా కాలినట్లే అనిపిస్తుంది. కాప్సైసిన్ నూనెలో కరుగుతుంది, నీటిలో సరిగా కరగదు. వట్టి నీళ్ళతో కడిగితే మంట చల్లారకపోవడానికి కారణమిదే. నూనె రాసి తుడిచి సబ్బుతో కడగడం మేలు. ఇక్కడ దూరవైద్యానికి సంబంధించిన చిక్కు ఏమంటే, ఇట్టి చెయ్యి బొమ్మలో ఆరోగ్యంగానే కనిపిస్తుంది. ఎరుపు లేదు, పొక్కు లేదు. రోగి నోటి మాట తప్ప వైద్యునికి వేరే సాక్ష్యం ఉండదు.

పత్తి చేలలో పురుగుమందుల సంగతి వేరు. వీపున మోసే డబ్బా కారితే మందు నడుము మీదుగా తొడల వరకు జారుతుంది. చర్మం అన్నిచోట్లా ఒకే విధంగా మందును పీల్చదు. మర్మావయవాల వద్ద పీల్చే శక్తి ముంజేతికంటె పది రెట్లకు మించి ఉంటుంది. పైరెత్రాయిడ్ తరగతి మందులు తగిలితే ముఖం చిమచిమలాడుతుంది. ఇదికూడ బొమ్మలో కనిపించదు. కొన్ని శిలీంధ్రనాశక మందులు చర్మానికి పడక దద్దు, పొట్టు, రసి కలిగిస్తాయి. ఇవి మాత్రం కనిపిస్తాయి.

చేలగట్ల మీద పెరిగే వయ్యారిభామ మొక్క మరొక కారణం. 1950లలో పూనా ప్రాంతంలో కనిపించిన ఈ కలుపు దేశమంతటా వ్యాపించింది. దాని పొడి గాలిలో తేలి వచ్చి ముఖం, కనురెప్పలు, మెడ, మోచేతి మడతల మీద పడి దురదతో కూడిన మందపు మచ్చలు కలిగిస్తుంది. బొమ్మను మాత్రమే చూసినవారు దీనిని ఎండ పడని జబ్బుగా భావించే అవకాశం ఉన్నది. చేనికి వెళ్ళిన రోజులలో హెచ్చుతుందా, ఊరు విడిచి వెళ్తే తగ్గుతుందా అని అడిగితేనే అసలు విషయం తెలుస్తుంది.

వీటికి తోడు చెమట, బిగుతు దుస్తులు, నీటి కొరత, ఇరుకు ఇళ్ళు, వసతిగృహాల జీవితం వలన తామర, గజ్జి విస్తరిస్తాయి. గజ్జిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది.

ఆకును తిరగేసి చూసే రైతు

బొమ్మ ఒక్కటే చాలదన్న సంగతి మన రైతులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. మిరప ఆకు ముడుచుకుంటే రైతు ముందుగా చూసేది ముడత ఏ వైపుకు ఉన్నదని. అంచులు పైకి ముడిస్తే తామర పురుగు, క్రిందికి ముడిస్తే నల్లి. రెండూ ముడతలే, మందులు వేరు. రైతు ఆకును తిరగేసి అడుగుభాగం చూస్తాడు, పూవును దులిపి చూస్తాడు. 2021లో మన మిరపతోటలను దెబ్బతీసిన నల్ల తామరపురుగు ఎక్కువగా పూలలో చేరింది. ఆకును మాత్రమే చూసినవారికి దాని జాడ ఆలస్యంగా తెలిసింది. లాం పరిశోధనా స్థానంలోని శాస్త్రవేత్తకు ఫోనులో ఆకు బొమ్మ పంపే రైతు, అడుగువైపు బొమ్మ కూడ పంపితేనే సరియైన సలహా వస్తుంది.

చర్మం విషయం కూడ ఇంతే. ఒక ఉదాహరణ తీసుకొందాము. ఒక బాలుని చెంప మీద తెల్లని మచ్చ ఉన్నది. బొమ్మ వచ్చింది. అది ఏమిటి? అది పిల్లలలో సామాన్యంగా వచ్చి తనంత తాను పోయే పొడి మచ్చ కావచ్చును. శోభి కావచ్చును. బొల్లి కావచ్చును. కుష్ఠు కావచ్చును. ఫోను తెరమీద ఈ నాలుగూ తెల్లని మచ్చలే. వీటిని వేరుచేసే గుర్తులు చాలావరకు తాకి చూస్తేనే తెలుస్తాయి. శోభి మచ్చను గోటితో మెల్లగా గీకితే సన్నని పొట్టు రాలుతుంది. బొల్లి మచ్చ నునుపుగా, సున్నంవలె తెల్లగా ఉంటుంది; దాని మీద స్పర్శ చెడదు. పొడి మచ్చ అంచులు కలిసిపోయి, కొంచెం గరుకుగా ఉంటుంది. కుష్ఠు మచ్చలో స్పర్శ తగ్గుతుంది, వెంట్రుకలు పలచబడతాయి, చెమట పట్టదు. ముఖం మీద మాత్రం స్పర్శ తగ్గినట్లు తెలియడం కష్టం కనుక అక్కడ నిపుణుని పరీక్షే శరణ్యం.

కుష్ఠును ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించినట్లు మన దేశం 2005 డిసెంబరులో ప్రకటించింది. దాని అర్థం ప్రతి పదివేలమందికి ఒకరికంటె తక్కువ రోగులున్నారని మాత్రమే. వ్యాధి పూర్తిగా పోయిందని కాదు. 1980ల నుండి వాడుకలో ఉన్న బహుళ ఔషధ చికిత్స ఉచితంగా లభిస్తుంది, వ్యాధి నయమవుతుంది. ఆలస్యమైతే మాత్రం నరాలు దెబ్బతిని చేతివేళ్ళు వంకరపోతాయి. పోయిన స్పర్శ తిరిగి రావడం అరుదు. ఇట్టి మచ్చను ఫోనులో చూసి ‘ఏమీ లేదు, ఈ పూత వాడండి’ అనడం ఎంత ప్రమాదమో ఊహించవచ్చును. అదే గ్రామ ఆరోగ్య కేంద్రంలో అయితే పక్కనున్న సిబ్బంది రోగిని కళ్ళు మూసుకొనమని, దూదిపోగుతో మచ్చను తాకి, ‘ఎక్కడ తాకాను? వేలితో చూపు’ అని అడుగుతారు. ఒక్క నిమిషపు పని. ఇందాక చెప్పిన దగ్గరి చెయ్యి విలువ ఇదే.

మరొక సంగతి. చర్మశాస్త్ర గ్రంథాలలోని బొమ్మలు చాలాకాలం తెల్లజాతివారి చర్మం మీద తీసినవి. వాటిలో వాపు అంటే ఎరుపు. మన చామనఛాయ, నలుపు చర్మాలలో అదే వాపు ఊదాగానో, బూడిదరంగుగానో, మునుపటికంటె నల్లగానో కనిపిస్తుంది. పైగా ఫోను యంత్రం ముఖాన్ని తెల్లగా, నునుపుగా చూపడానికి తనంత తాను రంగు దిద్దుతుంది. పెండ్లి ఫోటోకు అది ఆనందమే కాని వైద్యునికి అది చెరిపివేసిన సాక్ష్యం.

గొట్టంలోని ఉపకారం, అపకారం

ఇక మన ప్రాంతపు దూర చర్మవైద్యంలో అన్నిటికంటె కీలకమైన అంశానికి వద్దాము. గజ్జలలో, నడుము చుట్టూ, తొడల మీద గుండ్రంగా ప్రాకే తామర ఒకనాడు తేలికగా లొంగే వ్యాధి. కొన్ని వారాల పూతతో తగ్గేది. గత పదిహేను సంవత్సరాలలో దేశమంతటా అది మొండిదైంది. ఇందుకు గల ముఖ్య కారణాలలో ఒకటి స్టెరాయిడ్ కలిసిన పూతమందుల విచ్చలవిడి వాడకం.

క్లోబెటాసోల్, బీటామెథసోన్ వంటి స్టెరాయిడ్లు ఎగ్జిమా వంటి కొన్ని వ్యాధులకు మంచి మందులే. అవి వాపును, దురదను వెంటనే అణచివేస్తాయి. తామర మీద పూసినా మొదటి రెండు రోజులు దురద తగ్గుతుంది, రోగి సంతోషిస్తాడు. కాని శరీరపు రక్షణశక్తి కూడ అణగిపోవడంతో శిలీంధ్రం నిరాటంకంగా పెరుగుతుంది. పూత మానితే దురద రెట్టింపవుతుంది, మళ్ళీ పూస్తారు. క్రమంగా చర్మం పలచబడి చారలు పడతాయి. ఆ చారలు చెరగవు. మచ్చకు గుండ్రని అంచు, పొట్టు మాయమై రూపమే మారిపోతుంది. ఇట్లు మారువేషం వేసిన తామరను 1968లో ఐవ్, మార్క్స్ అనే బ్రిటిష్ వైద్యులు వర్ణించి, దానికి ‘అజ్ఞాత తామర’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. దీనిని ఎదుట కూర్చోబెట్టుకొని చూసినా గుర్తించడం కష్టం. బొమ్మలో చెప్పనే అక్కరలేదు.

ఇంతలో శిలీంధ్రమూ మారింది. జపానులో ఉన్న నేపాలు, భారతదేశాల రోగుల నుండి వేరుచేసిన ఒక జాతికి 2020లో ‘ట్రైకోఫైటాన్ ఇండోటీనియే’ అని నామకరణం చేశారు. టెర్బినాఫిన్ అనే పేరుగాంచిన మందుకు దీనిలో చాలా రకాలు లొంగవు. మందు పనిచేసే ఎంజైములో మార్పు రావడమే దానికి కారణం.

ఈ కథ మన పత్తి రైతులు ఎరిగినదే. 1980లలో పైరెత్రాయిడ్ మందులు వచ్చిన క్రొత్తలో చేలు శుభ్రపడ్డాయి. అవసరానికి మించి, అవే మందులను మరల మరల, కలిపి కొట్టడం అలవాటైంది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పచ్చపురుగు ఏ మందుకూ లొంగక పంటను తిన్నది. అప్పుల పాలైన రైతులలో కొందరు ఆ పురుగుమందునే త్రాగి ప్రాణాలు తీసుకున్నారు. ఏ పురుగో తేల్చుకోకుండా దుకాణదారు ఇచ్చిన మందు కొట్టడం వలన వచ్చిన నష్టమది. ఏ జబ్బో తేల్చుకోకుండా దుకాణంలోని గొట్టం పూయడం కూడ ఆ కోవకు చెందినదే.

ప్రభుత్వం 2018లో బలమైన స్టెరాయిడ్ పూతలను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని నిబంధన బిగించింది. అనేక అశాస్త్రీయ మిశ్రమాలను కూడ అదే సంవత్సరం నిషేధించింది. అయినను మూడు, నాలుగు మందులు కలిసిన గొట్టాలు చీటీ లేకుండా చేతులు మారడం అందరికీ తెలిసిన విషయమే. కనుక దూరాన ఉన్న వైద్యునికి మనం చెప్పవలసిన మొదటి మాట ‘ఏమి కనిపిస్తున్నది’ అన్నది కాదు, ‘ఇంతవరకు ఏమి పూశాము’ అన్నది. పేరు గుర్తులేకపోతే గొట్టం బొమ్మనే తీసి పంపవచ్చును. మచ్చ బొమ్మ చెప్పలేని సత్యాన్ని చాలాసార్లు గొట్టం బొమ్మ చెబుతుంది.

చట్టం చెప్పేది

2020 మార్చి 25న కేంద్ర ఆరోగ్యశాఖ దూరవైద్యానికి మార్గదర్శక సూత్రాలను ప్రకటించింది. వాటిలో సామాన్యులు తెలుసుకోదగినవి కొన్ని కలవు. దూరం నుండి సలహా ఇచ్చే అధికారం వైద్యమండలిలో నమోదైన వైద్యునికి మాత్రమే ఉన్నది. చీటీ మీద ఆయన నమోదు సంఖ్య ఉండాలి. ఈ సూత్రాలలో నమోదైన వైద్యుని సూచించే ఆంగ్ల పొడి అక్షరాలు ‘ఆర్.ఎం.పి.’ మన పల్లెలలో ఇవే మూడక్షరాలు పట్టా లేకుండా సూదిమందు వేసే గ్రామీణ వైద్యునికి వాడుక పేరయ్యాయి. అక్షరాలు ఒకటే అయినా అర్హత ఒకటి కాదు. ఫోనులో మాట్లాడుతున్నది ఎవరో అడిగి తెలుసుకోవడం రోగి హక్కు.

మందులను ఈ సూత్రాలు తరగతులుగా విభజించాయి. మొదటి సంప్రదింపులోనే కొన్ని చర్మపు మందులు వ్రాయవచ్చును. క్లోట్రిమజోల్, ముపిరోసిన్ పూతలు, కాలమిన్, బెంజైల్ బెంజోయేట్ ద్రవాలు ఇందుకు ఉదాహరణలు. అయితే మొదటి సంప్రదింపు అయినప్పుడు దృశ్యరూపంలో చూసి వ్రాయాలని నియమం. మత్తుకు సంబంధించిన మందులు దూరం నుండి వ్రాయరాదు. దూరం నుండి తేల్చలేనప్పుడు స్వయంగా రమ్మని చెప్పే స్వేచ్ఛ వైద్యునికి ఎప్పుడూ ఉంటుంది. అట్లా రమ్మన్న వైద్యుని తప్పించుకునే వైద్యునిగా భావించరాదు. తన కంటి పరిమితి ఎరిగినవానిగా గౌరవించాలి.

నేడు విద్యార్థులలో మరొక అలవాటు కనిపిస్తున్నది. మచ్చ బొమ్మను కృత్రిమ మేధ యంత్రానికి చూపించి జబ్బు పేరు అడుగుతున్నారు. రోగికి సలహా చెప్పే, మందు వ్రాసే అధికారం అట్టి యంత్రానికి లేదని పై సూత్రాలు స్పష్టం చేశాయి. యంత్రం కూడ బొమ్మనే చూస్తుంది. దూదిపోగుతో తాకి చూడదు.

బొమ్మ తీయడం, మాట చెప్పడం

మన ఇళ్ళలో ఫోను పట్టుకొని బొమ్మ తీసేవారు, వైద్యునితో మాట్లాడేవారు చాలావరకు చదువుకున్న పిల్లలే. కావున ఈ భాగాన్ని విద్యార్థులు శ్రద్ధగా చదవాలని కోరుతున్నాము.

బొమ్మ తీయబోయే ముందు పసుపు, నూనె, పూతలు కడిగి, చర్మం ఆరనివ్వాలి. ఫోను కంటిని మెత్తని గుడ్డతో తుడవాలి. అందం దిద్దే ఏర్పాట్లను ఆపివేయాలి. పగటి వెలుగులో, ఎండ నేరుగా పడనిచోట, రంగులేని గుడ్డ వెనుక ఉంచి తీయాలి. కనీసం మూడు బొమ్మలు కావాలి: మచ్చ శరీరంలో ఎక్కడ ఉన్నదో తెలిపే దూరపు బొమ్మ, జానెడు వెడల్పు భాగాన్ని చూపే మధ్య బొమ్మ, పక్కన రూపాయి బిళ్ళ ఉంచి తీసిన దగ్గరి బొమ్మ. మచ్చ ఉబ్బెత్తుగా ఉంటే పక్కనుండి వెలుగు పడేట్లు మరొకటి తీయాలి. ఒక కాలికి జబ్బు ఉంటే రెండవ కాలి బొమ్మ కూడ పంపాలి. వైద్యునికి పోల్చుకునే ఆధారం దొరుకుతుంది.

మాటల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మా కళాశాలలో ఉర్దూ మాట్లాడే ఇళ్ళ పిల్లలు, తెలుగు మాట్లాడే ఇళ్ళ పిల్లలు కలిసి చదువుతున్నారు. ఒక ఇంట ‘దాద్’ అన్నది మరొక ఇంట ‘తామర’. కొన్ని ఇళ్ళలో దురద పెట్టే ప్రతి మచ్చా తామరే, ప్రతి పొక్కూ గజ్జే. అందువలన జబ్బు పేరు మనం చెప్పకుండా, బాధను మాత్రమే చెప్పడం ఉత్తమం. దురద వేరు, మంట వేరు. ఉర్దూలో ఖుజ్లీ వేరు, జలన్ వేరు. తిమ్మిరి, మొద్దుబారడం అన్నింటికంటె వేరు. ఆ ఒక్క మాట విడిచిపెడితే కుష్ఠు గుర్తు తప్పిపోవచ్చును. అమ్మ ఉర్దూలో చెప్పిన బాధను వైద్యునికి తెలుగులో చెప్పే పిల్లలు ఆ మాటలను తమంతట తాము దిద్దకూడదు.

ఎప్పుడు మొదలైంది, ఎక్కడ మొదలై ఎటు ప్రాకింది, రాత్రివేళ హెచ్చుతుందా, ఇంట్లో ఇంకెవరికి ఉన్నది అనేవి తప్పక చెప్పాలి. రాత్రి దురద, ఇంటిల్లిపాదికీ దురద అంటే వైద్యుడు గజ్జిని తలుస్తాడు. అప్పుడు దురద లేనివారితో సహా అందరూ ఒకే రోజున మందు వాడితేనే ఫలితం. ఏ పంటలో ఏ పని చేశారు, ఏ మందు కొట్టారు, జ్వరానికో నొప్పులకో ఏ మాత్రలు మింగారు, మధుమేహం ఉన్నదా, గర్భవతియా అన్నవి కూడ ముఖ్యమే.

గోప్యత

తామర ఎక్కువగా వచ్చేది గజ్జలలో, రొమ్ముల క్రింద. పరదా పాటించే స్త్రీలేకాక, ఏ స్త్రీ అయినా ఆ బొమ్మ పంపడానికి సంకోచించడం సహజం. సంకోచం వలన నెలల తరబడి దాచుకొని, చాటుగా గొట్టాలు పూసుకునేవారు ఉన్నారు. బొమ్మ తీయడం తప్పనిసరి కాదు. రోగి ఒప్పుకొన్నంతవరకే తీయాలి. స్త్రీ వైద్యురాలిని, స్త్రీ సిబ్బందిని కోరవచ్చును. ముఖం, నగలు, ఇంటి గుర్తులు పడకుండా తీయవచ్చును. కుటుంబపు వాట్సాప్ బృందంలో కాక వైద్యునికి నేరుగా పంపి, పని ముగిసిన పిదప ఫోనులో చెరిపివేయాలి. 2023లో మన దేశంలో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టం వచ్చింది. కాని ఇంటిలోని ఫోనుకు మొదటి కాపలాదారు ఇంటివారే. తల్లి బొమ్మ తీసిన కుమార్తె చేతిలో ఆమె మానం కూడ ఉన్నదని గుర్తుంచుకోవాలి.

ఫోను పక్కన పెట్టవలసిన వేళ

కొన్ని సందర్భాలలో బొమ్మ తీస్తూ కూర్చోవడం కాలహరణమే అవుతుంది. పురుగుమందు తగిలినవారికి వాంతులు, నోట చొంగ, విపరీతమైన చెమట, కంటిపాప సూదిమొనంతగా కుంచించుకుపోవడం కనిపిస్తే బట్టలు తీసివేసి, సబ్బునీటితో ఒళ్ళు కడుగుతూనే 108ని పిలవాలి. మాత్రలు మింగిన పిదప ఒళ్ళంతా దద్దుతో పాటు నోటిలో, కళ్ళలో పుండ్లు వచ్చినా, చర్మం పొరలుగా ఊడినా వెంటనే పెద్దాసుపత్రికి చేర్చాలి. పెదవులు, ముఖం వాచి ఊపిరి ఆడకపోయినా అంతే. జ్వరంతో పాటు వచ్చిన ఊదా చుక్కలు గాజుపలకతో నొక్కినా మాయం కాకపోతే ఆలస్యం చేయరాదు. మధుమేహం ఉన్నవారి కాలి మీద ఎరుపు, వాపు గంటగంటకూ ప్రాకుతుంటే అదీ ఈ కోవలోనిదే. స్పర్శ లేని మచ్చకు పరుగు అక్కరలేదు కాని, ఫోనుతో సరిపుచ్చకుండా స్వయంగా చూపించుకోవడం తప్పనిసరి.

ముగింపు

దూర చర్మవైద్యం పేదవానికి కూలి పోకుండా వైద్యుని చేరువ చేసే మంచి సాధనం. అయితే అది వైద్యుడొక్కడే నడిపే సాధనం కాదు. దూరాన ఉన్న ఆ కన్నుకు దగ్గర ఉన్నవారు వెలుగు చూపాలి, తాకి చెప్పాలి, దాచకుండా చెప్పాలి. గ్రామ ఆరోగ్య కేంద్రంలో ఆ పని సిబ్బంది చేస్తారు. ఇంటిలో అయితే చదువుకున్న పిల్లలు చేయాలి. ఈ సంవత్సరం కల్లాలలో కాయలు ఎండే రోజులలో మన విద్యార్థులు తమ ఇంటనో, పొరుగునో దురదతో, మంటతో బాధపడేవారిని చూడక తప్పదు. వారి చేతిలోని గొట్టం పేరు చదివి చెప్పడం, మచ్చ మీద స్పర్శ ఉన్నదో లేదో అడగడం, దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి వెంటబెట్టుకొని వెళ్ళడం - ఈ మూడు పనులకు వైద్యపట్టా అక్కరలేదు. ఇవి చేయగలిగితే మన చదువు మన పల్లెలకు కొంతైనా ఉపకరించినట్లేనని మా విశ్వాసం.